వచ్చానని చెప్పి ఆగినవారు

తొంభై రెండవ సంవత్సరం జూలై ఒకటవ తేదీ పూర్వాహ్నం మన పర్యాటక శాఖ ప్రచురణల విభాగంలో భాషా సంపాదకురాలిగా విధులలో చేరి, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మా గౌరవనీయ సహోద్యోగిని గురించి నాలుగు మాటలు రాయమని ప్రత్యేక సంచిక సంఘం వారు నన్ను కోరడం నా భాగ్యంగా భావిస్తున్నాను. చేరినది పూర్వాహ్నమని దస్త్రాలు ఘోషిస్తున్నాయి గానీ, ఆ ఉదయం కుండపోతగా కురిసిన వానలో తడిసి ముద్దయి వారు కార్యాలయం చేరేసరికి భోజనాల వేళ దాటిపోయిందనీ, పెద్ద గుమాస్తాగారు వారి అవస్థ చూసి జాలిపడి పూర్వాహ్నమని రాసుకున్నారనీ ప్రత్యక్ష సాక్షినైన నాకు తెలుసు. నేను ఈ శాఖలో పటాలు గీసే చిత్రకారుణ్ణి. ఆనాటి నుంచి వారి బల్లకూ నా బల్లకూ మధ్య ఒక కిటికీ, ఆ కిటికీలో వారు పెంచే ఒక పూలకుండీ తప్ప మరే అడ్డూ లేదు. కనుక వారి గుణగణాలను కీర్తించే అర్హత నాకుంది. వారి వల్ల నేను పడ్డ పాట్లు చెప్పుకునే హక్కూ నాకే ఉంది.

వారి అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. కార్యాలయమంతా వారిని 'ఆగండి గారు' అంటుంది. అచ్చుకు పోబోయే ప్రతి కాగితం మీద అరచేయి ఆనించి, చల్లగా "ఆగండి" అనడం వారి అలవాటు. ఆ మాట వినబడితే అచ్చాఫీసు ఫోర్‌మన్ యంత్రం ఆపేసి టీ తాగడానికి వెళ్ళిపోయేవాడు. ఈ ముద్దుపేరు ఆయన పెట్టిందే. ఒకనాడు మా అటెండరు నోరు జారి వారి ముందే ఆ పేరు అనేసి నాలుక కరుచుకుంటే, వారు తల ఎత్తకుండానే, "చివర 'గారు' చేర్చారుగా, చాల్లే" అన్నారు. అప్పటి నుంచి ఆ పేరుకు అధికారిక ముద్ర పడింది. వారి శ్రీవారు గడియారాలు బాగుచేసే దుకాణం నడుపుతారు. "దుకాణానికి వచ్చేవన్నీ ఆగిపోయిన గడియారాలు, ఇంటికి వెళ్తే ఆగండి అనే మనిషి. నా బతుకెప్పుడు నడిచిందో నాకే తెలీదు" అని ఆయన వాపోతూ ఉంటారు. అలా వాపోయేటప్పుడు ఆయన ముఖంలో కనిపించే గర్వం చూసి తీరవలసిందే.

ఈ వ్యాసాన్ని వారికి చూపకుండా నేరుగా అచ్చుకు పంపుతున్నాం. వారి చేతి కింద ఆగకుండా ఈ శాఖ నుంచి వెలువడుతున్న మొట్టమొదటి ప్రచురణ ఇదే కావచ్చు. ఇందులోని తప్పులన్నీ ఆ స్వేచ్ఛ ఫలితమేనని పాఠకులు పెద్ద మనసుతో గ్రహించగలరు.

వారు చేరిన నాటికి మన శాఖ కొండ ప్రాంతం మీద వేసే కరపత్రాలు చూడముచ్చటగా ఉండేవి. జలపాతం, గుహలు, లోయ, నది వంపు అన్నీ వాటిలో ఉండేవి. అక్కడ తరతరాలుగా నివసిస్తూ, ఆ ప్రతి రాయికీ తమ భాషలో ఒక పేరు పెట్టుకున్న కొండ ప్రజల ఊసు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. పేర్లన్నీ మన కార్యాలయంలోనే, ఫ్యాను కింద కూర్చుని, మనమే పెట్టేవాళ్ళం. ముత్యాల ధార, స్వప్న లోయ, ప్రేమికుల శిఖరం వంటివి మచ్చుకు కొన్ని. ఆగండి గారు మొదటి ఏడాదే ప్రేమికుల శిఖరం మీద చేయి ఆనించారు. ఆ శిఖరాన్ని కొండవాళ్ళు ఏమంటారో కనుక్కుని వచ్చి, దాని అర్థం 'మేక జారిన బండ' అని తేల్చారు. అక్కడ బండ నిజంగానే నాచుపట్టి జారుతుంది. ఆ పేరునే వారి భాషలో పెద్ద అక్షరాలతో, మన భాషలో అర్థంతో సహా పటంలో వేయాలని పట్టుబట్టారు. ఆ శిఖరం మీద సూర్యాస్తమయ వేళ చేతులు పట్టుకు నిలబడ్డ ఒక జంటను నేను ఎంతో మనసుపెట్టి గీసి ఉన్నాను. వారి పుణ్యమా అని ఆ జంటను చెరిపి అక్కడ ఒక మేకను గీయవలసి వచ్చింది. మేక బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. నా పుండు మీద అది కారం చల్లినట్టయింది. అయితే ఆ ఏడు నుంచి సందర్శకులు నవ్వుకుంటూనే ఆ బండ దగ్గర కటకటాలు గట్టిగా పట్టుకుని నడవసాగారన్నది కూడా ఒప్పుకోక తప్పదు.

ఆ భాషను అచ్చువేయడానికి పైనుంచి అభ్యంతరాలు రాకపోలేదు. ఆ భాష తెలిసినవాళ్ళందరూ ఆ కొండ మీదే ఉన్నారు, వాళ్ళు మన కరపత్రం చదివి తమ ఇంటిని తామే చూడటానికి వస్తారా అని ఒక పెద్ద అధికారి సమావేశంలో చమత్కరించారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆగండి గారు నవ్వులన్నీ అయ్యేదాకా ఆగి, "వచ్చేవాళ్ళకి తామెవరింటికి వస్తున్నారో తెలియాలి కదండీ" అన్నారు. ఆ ఒక్క వాక్యంతోనే అనుమతి దొరికి ఆ కరపత్రం అచ్చయింది.

వారు ఆ భాష నేర్చుకున్న తీరు ఒక తపస్సు. సెలవు వస్తే చాలు, కొండకు పోయే మొదటి బస్సు ఎక్కేవారు. జలపాతానికి పైనున్న చిన్న పల్లెలో అందరికంటే పెద్దావిడ ఉండేది. ఊరంతా ఆమెను అవ్వ అనేది, మనమూ అలాగే అందాం. మన భాష కూడా వచ్చిన ఆ అవ్వే వీరికి గురువు. వీరు నోరు తెరిస్తే చాలు, పల్లెలోని పిల్లలు పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారట. పిల్లలు నవ్వకుండా విన్న రోజున వీరి చదువు పూర్తయినట్టేనని అవ్వ వీరికి చెప్పిందట. ఆ రోజు రావడానికి ఏళ్ళే పట్టింది. వచ్చిన మర్నాడు వారు కార్యాలయంలో అందరికీ మిఠాయి పంచిపెట్టి, కారణం మాత్రం నాకొక్కడికే చెప్పారు.

ఇప్పుడు వారి ఉద్యోగ జీవితంలో ముఖ్య ఘట్టానికి వస్తాను. కొండ ప్రవేశ ద్వారం మీద ఆ భాషలో 'స్వాగతం' అని రాయించాలని శాఖ నిర్ణయించింది. యథాప్రకారం ఆగండి గారు చేయి ఆనించారు. కొండవాళ్ళలో ఇంటివాళ్ళు ముందుగా స్వాగతం చెప్పే ఆచారం లేదు. వాళ్ళ పల్లె మొదట్లో ఒక చదును రాయి ఉంటుంది. వచ్చినవారు ఎంతటివారైనా ఆ రాయి దగ్గర నిలబడి 'వచ్చాను' అనాలి. లోపలివారు విని, 'వచ్చావా, చోటుంది' అని జవాబివ్వాలి. ఆ జవాబు వినబడేదాకా అతిథి అడుగు ముందుకు వేయకూడదు. జవాబు ఇచ్చాక, ఇచ్చినవారు కూర్చోవడానికి చాపా, తాగడానికి నీళ్ళూ ఇచ్చి తీరాలి. అది వాళ్ళ దృష్టిలో మర్యాద స్థాయి దాటిన సంగతి. నోటితో ఇచ్చిన మాట.

కాబట్టి ద్వారం మీద ఇంటివాళ్ళ మాటకు బదులు అతిథి మాటే రాద్దామని వారు ప్రతిపాదించారు. కొండ భాషలో పెద్ద అక్షరాలతో 'వచ్చాను' అనీ, దాని కింద మన భాషలో 'లోపలికి అడుగుపెట్టేముందు ఈ మాట అనండి' అనీ బోర్డు వెలిసింది. సందర్శకులకు ఇది తెగ నచ్చింది. బస్సు దిగిన బడిపిల్లలు ఏక కంఠంతో ఆ మాట అరిచేవారు. పెద్దవాళ్ళు మొదట సిగ్గుపడి, తరువాత పిల్లలకంటే గట్టిగా అరిచేవారు. చిక్కల్లా ఒక్కటే. జవాబు చెప్పడానికి ద్వారం దగ్గర మన టిక్కెట్ల గుమాస్తా ఒక్కడే ఉండేవాడు. అంత దూరం నుంచి వచ్చి, నోరు తిరగని మాటను కష్టపడి పలికిన అతిథికి ఆయన ఇచ్చే జవాబు, "టిక్కెట్టు చూపించండి".

అప్పటి సంచాలకులవారు సహృదయులు, కార్యదక్షులు, యంత్రాలంటే మక్కువ కలవారు. ద్వారం పక్కన ఒక స్తంభం నాటించి, దానికొక లౌడ్‌స్పీకరు బిగించి, ఎవరు ముందు నుంచి నడిచినా దానంతటదే జవాబు పలికే ఏర్పాటు చేయించారు. కొండవాళ్ళ గొంతే ఉంటే సహజంగా ఉంటుందని వారి కోరిక. ఆగండి గారు వెళ్ళి, 'వచ్చావా, చోటుంది' అనే మాటను అవ్వ చేత పలికించి క్యాసెట్టులో పట్టుకొచ్చారు. తన గొంతు తనకే వినిపిస్తే అవ్వ పడీపడీ నవ్విందట. ఎందుకు పలికిస్తున్నారో మాత్రం అవ్వకు సరిగా తెలియదు. చెబుదామని వీరనుకున్నారు గానీ, ప్రారంభోత్సవం తొందరలో చెప్పడం పడలేదు. వారి సర్వీసు మొత్తంలో 'ఆగండి' అనవలసిన చోట అనకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే.

లౌడ్‌స్పీకరు ఒక ఆదివారం నాడు మొదలైంది. జనం విరగబడ్డారు. మనిషి అడుగుపెట్టగానే అవ్వ గొంతు కొండంతా మోగేది. ఆ రోజు సాయంత్రానికి మాకు అందిన వార్త ఏమిటంటే, కొండవాళ్ళు సందర్శకులకు నీళ్ళిచ్చి, చాపలు వేసి కూర్చోబెడుతున్నారని. సంచాలకులవారు ఆనందం పట్టలేక, ప్రజల సహకారమంటే ఇదీ అని మా అందరినీ పిలిచి చెప్పారు. ఆ వారమంతా అవే కబుర్లు. సలహాల పెట్టెలో ఒక సందర్శకుడు 'నీళ్ళు చల్లగా ఉన్నాయి, గ్లాసులు చాలడం లేదు' అని కూడా రాసి వేశాడు. ఆగండి గారు మాత్రం ఆ వారమంతా కిటికీలోని మొక్కకు నీళ్ళు పోయడం మరిచిపోయారు. వచ్చే ఆదివారం కొండకు వెళ్దాం, తోడు రమ్మని నన్ను అడిగారు.

మేం వెళ్ళేసరికి పల్లెలో ఉన్న చాపలన్నీ ద్వారం దగ్గర పరిచి ఉన్నాయి. అవ్వ కొడుకు, కోడలు, మనవరాలు ఊట దగ్గర నుంచి కుండలతో నీళ్ళు మోస్తూ కొండ దిగుతున్నారు, ఎక్కుతున్నారు. వద్దన్నా వినడం లేదు మేడమ్ అని టిక్కెట్ల గుమాస్తా దిగులుగా చెప్పాడు. మేం పల్లె మొదట్లో రాయి దగ్గరకు వెళ్ళాం. అవ్వ తన ఇంటి ముందు పెద్ద కుండలోంచి చిన్న కుండల్లోకి నీళ్ళు వంచుతోంది. ఆగండి గారు రాయి దగ్గర నిలబడి, కొండ భాషలో, "వచ్చాను" అన్నారు. అవ్వ తల ఎత్తి చూసింది. మళ్ళీ తల దించుకుని నీళ్ళు వంచుకుంటూ పోయింది.

ఎండ మండిపోతోంది. కాసేపు చూసి, ఇన్నేళ్ళుగా వస్తున్నారు, మీరేం కొత్తవారా, వెళ్ళి కూర్చుందాం పదండి అని నేను గొణిగాను. వారు నావైపు చూడకుండానే, "ఆగండి" అన్నారు. ఆ ఒక్క మాట నేను వారి నోట లెక్కలేనన్నిసార్లు విన్నాను, ప్రతిసారీ చిరాకుపడ్డాను. ఆనాడు మాత్రం చిరాకుపడలేదు. ఆ ఇంటి తలుపు తమకు శాశ్వతంగా మూసుకుపోయిందేమోనన్న భయం అందులో వినబడింది. నేను ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను.

చివరికి అవ్వ కుండ దించి, మన భాషలోనే, నెమ్మదిగా అంది:

"నన్నెందుకు అడుగుతావమ్మా? కింద మీ స్తంభం మీద నా గొంతుందిగా. అదే అందర్నీ రమ్మంటోంది. నువ్వూ అక్కడికే పో."

 అవ్వే మళ్ళీ, "గొంతు నాదే కదా. రమ్మన్నాక నీళ్ళివ్వకపోతే రేపు నా మాట ఎవరు నమ్ముతారు?" అంది. తరువాత కొంచెం కోపం తగ్గిందో, పెరిగిందో తెలియకుండా, తమ మేకలు ఆ స్తంభం ముందు నుంచి పోతుంటే వాటినీ రమ్మందనీ, వాటికీ నీళ్ళు పెట్టామనీ, పిలిచాక మేకైనా మనిషైనా ఒకటేననీ చెప్పింది. నవ్వు రావలసిన మాటే. అప్పుడే కుండ దించిన మనవరాలు భుజం రుద్దుకుంటోంది. మాకు నవ్వు రాలేదు.

వారు వెనుదిరిగారు. కొండ దిగి ద్వారం దగ్గరకు వచ్చి, టిక్కెట్ల గుమాస్తా దగ్గరున్న నిచ్చెన అడిగి తీసుకుని, స్తంభానికి ఆనించి ఎక్కారు. నిచ్చెన పట్టుకోవడం నా వంతు వీరత్వం. ఇది ప్రభుత్వ ఆస్తి మేడమ్, నా ఉద్యోగం పోతుంది అని గుమాస్తా కింద నుంచి మొర పెట్టుకున్నాడు. వారు పైన పెట్టె తెరిచి క్యాసెట్టు బయటికి లాగి, "పెట్టె మీ దగ్గరే ఉంచుకోండి. గొంతు ఆవిడది, ఇచ్చేసి వస్తాను" అని నిచ్చెన దిగారు. అప్పటికే ద్వారం దాటబోతున్న ఒక కుటుంబం, యంత్రం మూగబోయేసరికి, టిక్కెట్టు డబ్బులు తిరిగి ఇస్తారా అని నన్ను అడిగింది. నాకు తెలిసిన మర్యాద మాటలన్నీ ఆ రోజు అక్కడే ఖర్చయ్యాయి.

వారు మళ్ళీ కొండెక్కి, మళ్ళీ ఆ రాయి దగ్గరే నిలబడి, క్యాసెట్టు రెండు చేతులతో ముందుకు చాచి, "వచ్చాను" అన్నారు. అవ్వ వచ్చి దాన్ని అందుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఇంటి గుమ్మం దాకా వెళ్ళి, ఇటు తిరిగి, స్తంభం మీద పలికిన దానికంటే ఎంతో చిన్న గొంతుతో జవాబు చెప్పింది. వచ్చావా, చోటుంది. మోయగా మోయగా కుండలో మిగిలిన కాసిని నీళ్ళు మా ఇద్దరికీ పంచింది. ఆ నీళ్ళు తాగుతుంటే నాకు కళ్ళు చెమర్చాయని ఈ సందర్భంలో చెప్పుకోవడానికి సిగ్గుపడను. ఆ క్యాసెట్టు సంగతి కూడా చెప్పాలి. అందులోని టేపును అవ్వ కొడుకు పొలం గట్ల మీద కర్రలకు చుట్టి పిట్టలను బెదిరించడానికి కట్టాడు. వారం పాటు ఊరందరినీ రమ్మన్న గొంతు ఆ ఏడంతా పిట్టలను పొమ్మనే పనిలో ఉండిపోయింది.

శాఖ మాత్రం ఊరుకోలేదు. అనుమతి లేకుండా యంత్రాన్ని పనిచేయకుండా చేసినందుకు సంజాయిషీ కోరుతూ వారికి మెమో వచ్చింది. అప్పటికి వారి పదోన్నతి ఉత్తర్వు సంతకం కోసం సంచాలకులవారి బల్ల మీదే ఉంది. శాఖలో సంజాయిషీ అంటే పేజీలకు పేజీలు రాయడం ఆనవాయితీ. వారు రాసింది ఒకే వాక్యం: 'సంచాలకులవారు ఒక్కసారి ఆ రాయి దగ్గర నిలబడి రావలసిందిగా ప్రార్థన.' ఇది చదివి మేమంతా వారి పని అయిపోయిందనుకున్నాం. ఫోర్‌మన్ టీ కూడా తాగలేదు.

సంచాలకులవారు సహృదయులని ముందే మనవి చేశాను. ఆయన మా ఇద్దరినీ వెంటబెట్టుకుని జీపులో వెళ్ళారు, తళతళలాడే బూట్లతో ఆ రాయి దగ్గర నిలబడ్డారు, మా మేడమ్ నేర్పిన మాటను తప్పుల్లేకుండా పలికారు. అవ్వ ఆయనను పెద్దగా నిలబెట్టలేదు, జవాబు చెప్పి చాప వేసింది. ఆయన బూట్లు విప్పి కూర్చున్నారు, నీళ్ళు తాగారు, ఇంకొంచెం అడిగి పోయించుకున్నారు.  తిరుగు ప్రయాణంలో సగం దారిలో, ద్వారం దగ్గర జవాబు చెప్పే పనికి కొండవాళ్ళనే ఉద్యోగులుగా తీసుకోవాలంటే ఎంతమంది కావాలని వీరిని అడిగారు. ఆగండి గారు ఒక్క క్షణం కూడా ఆగకుండా జవాబు చెప్పారు. నేను వెనక సీట్లో కూర్చుని విన్నాను గనుక ఈ అపూర్వ సంఘటనకు కూడా నేనే సాక్షిని.

పదోన్నతి ఏడాది ఆలస్యంగా వచ్చింది. అందుకు వారు బాధపడగా నేను చూడలేదు. వారి అమ్మాయి అప్పుడు చిన్నపిల్ల, ఇప్పుడు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తోంది. ఆ రోజుల్లో అమ్మ ఇంట్లో పాటలు పాడుతూ తిరిగేదని తానే నాకు చెప్పింది. స్తంభం తీసేసి, ఆ చోట నీళ్ళ కుళాయి, కుండలు, నీడకు ఒక పంచ కట్టించారు. ఆనాటి నుంచి ఈ శాఖలో ఒక నియమం అమలులో ఉంది. అతిథి పలకవలసిన మాటను బోర్డుల మీద, కరపత్రాలలో, పటాలలో ఎంత పెద్దగానైనా కొండ భాషలో అచ్చువేస్తాం. ఇంటివారి జవాబును మాత్రం అచ్చువేయం, యంత్రంలోకి ఎక్కించం. అది చెప్పే మనిషి అక్కడ ఉండాలి. ఈ మధ్య సందర్శకుల ఫోన్లలో మాట్లాడుతూ దారి చూపే దర్శిని తయారుచేయడానికి వచ్చిన యువ ఇంజనీర్లు ఆ జవాబును కూడా అందులో పెడతామని ఉత్సాహపడ్డారు. ఆగండి గారు వాళ్ళకు ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. బస్సు ఎక్కించి ఆ రాయి దగ్గరకు తీసుకువెళ్ళారు. తిరిగి వచ్చాక వాళ్ళు తమ దర్శినిలో ఆ చోట ఖాళీ వదిలి, 'ఇక్కడ ఆగి వినండి' అని రాశారు. ఈ వ్యాసంలో ఆ జవాబు అర్థమైనా రాయవచ్చునా అని నేను కబురు పంపి అడిగాను. అర్థం రాసుకోమను, మాట రాయొద్దను అని అవ్వ సెలవిచ్చింది.

వారి దొడ్డ గుణాల్లో ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. చేరిన రోజు తడిసి ముద్దయినందుకు కాబోలు, వారి బల్ల కింద ఎప్పుడూ గొడుగులు ఉంటాయి. వాన రోజున మనలో తడిసి ఇంటికి వెళ్ళినవారు లేరు. ఆ గొడుగులను తిరిగి ఇచ్చినవారు కూడా చాలా తక్కువ. వారి వీడ్కోలు సభకు వచ్చేటప్పుడు ఎవరి ఇళ్ళలో ఉన్నవి వారు వెంట తెస్తే మర్యాదగా ఉంటుంది. నా దగ్గర రెండున్నాయి. వచ్చే ఒకటవ తేదీ నుంచి వారి బల్ల దగ్గర, ఆనాడు భుజం రుద్దుకుంటూ నీళ్ళు మోసిన అవ్వ మనవరాలు కూర్చోబోతున్నారు. ద్వారం దగ్గర జవాబు చెప్పే ఉద్యోగంలో మొదట చేరినవారిలో ఆమె ఒకరు, తరువాత చదువుకుని పరీక్ష నెగ్గి ఇక్కడికి వస్తున్నారు. మొన్న పరిచయానికి వచ్చి, నేను గీస్తున్న కొత్త పటం చూసి, దాని మీద అరచేయి ఆనించారు. నా పాట్లకు విరమణ లేదని నాకు అర్థమైంది.

పోయిన వారం ఆగండి గారితో కలిసి నేనూ కొండకు వెళ్ళాను. అవ్వ ఇప్పుడు నడవలేదు, గుమ్మంలోనే కూర్చుంటుంది, గొంతు మాత్రం అలాగే ఉంది. రాయి దగ్గర నుంచి అన్న మాట వినబడగానే జవాబు వచ్చింది. పదవీ విరమణ అంటే ఏమిటో నేను వివరించబోయాను. ఇక వారికి ఇక్కడ పని ఉండదని, శాఖ తరఫున రారని చెప్పాను. అవ్వ అంతా విని, "ఇన్నాళ్ళూ పని మీద వచ్చింది. ఇక ఊరికే రమ్మను" అంది. ఆగండి గారు ముఖం పక్కకు తిప్పుకున్నారు. నేను నీళ్ళ చెంబు వైపు చూస్తూ కూర్చున్నాను.

మేడమ్, అవ్వ మిమ్మల్ని పిలిచింది, ఇక మా సంగతి వినండి. పని ఉన్నా లేకున్నా మేమూ మీ ఇంటికి వస్తాం. మీ గుమ్మం బయట నిలబడి, మీరు నేర్పిన భాషలో, మా వంకర ఉచ్చారణతో, 'వచ్చాం' అంటాం. జవాబు ఏమిటో మాకందరికీ తెలుసు. కానీ అది ఏ పుస్తకంలోనూ దొరకకుండా, ఏ యంత్రంలోనూ వినబడకుండా మీరే కట్టడి చేశారు గనుక, అది మీ నోటి నుంచే రావాలి, మరో దారి లేదు. అందుకోసమైనా మీరు మీ శ్రీవారితో, బిడ్డతో, సంపూర్ణ ఆరోగ్యంతో, చెక్కుచెదరని ఈ కంఠస్వరంతో నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలని శాఖలోని మేమందరం మనసారా కోరుకుంటున్నాం. మీరు నిదానంగా లేచి రండి, మొక్కకు నీళ్ళు పోసి రండి. మీ జవాబు వినబడేదాకా మేం గుమ్మం బయటే ఉంటాం. ఆగడం మీ దగ్గరే నేర్చుకున్నాం.